స్టీల్ బ్యాంక్ (ఫంక్షన్లకు స్టీల్ కంచాలు, గ్లాసులు ఇచ్చి మళ్లీ వెనక్కి తీసుకునేది) నడుపుతున్నవాళ్లు కొంచెం సలహా ఇవ్వండి

నమస్తే అండి. మాది కరీంనగర్ వైపు చిన్న ఊరు. పెళ్లైనా దినాలైనా మర్నాడు చెరువు గట్టు నిండా పారేసిన ప్లేట్లే. 2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు నిషేధమే. వాటి బదులు పేపర్ గ్లాసులు దిగాయి, వాటి లోపలా ప్లాస్టిక్ పొరే కదా!

సిద్దిపేట వైపు ఊళ్ల స్టీల్ బ్యాంకుల గురించి విని, మా మహిళా సంఘం వాళ్లం తలా కొంత వేసుకుని 300 కంచాలు, 300 గ్లాసులు, బకెట్లు, గరిటెలు కొన్నాం. మొదటి ఫంక్షన్‌కే 11 గ్లాసులు తగ్గాయి. అడిగితే "మీరే తక్కువ ఇచ్చారు" అన్నారు. ఊళ్లో అందరూ చుట్టాలే, గట్టిగా అడగలేం. పైగా కొన్ని కంచాలు జిడ్డుతోనే తిరిగొచ్చాయి. కడగడానికి మనిషిని పెడితే ఆ కూలీ ఎవరివ్వాలన్నది ఇంకో టెన్షన్.

మీ దగ్గర డిపాజిట్ ఎంత తీసుకుంటున్నారు? చావు ఇంటి దగ్గర కూడా అడుగుతారా? మాకైతే నోరు రావట్లేదు. పోయినవాటికి డబ్బు కట్టించుకుంటారా, వస్తువే కొనిమ్మంటారా? సంఘం పేరు చెక్కిస్తే పోవడం తగ్గుతుందా? వచ్చే నెలలో రెండు పెళ్లిళ్లున్నాయి, ఆలోపే చెప్పండి.