లేని నారింజ రసాన్ని ముందే ఎలా అమ్మారు?

గుణుపురం కుర్రాడు:
హాస్టల్లో ఒడియా మిత్రుడితో కలిసి 1983 నాటి హాలీవుడ్ హాస్యచిత్రం ‘ట్రేడింగ్ ప్లేసెస్’ చూశాను. ఫిలడెల్ఫియాలో ముసలి అన్నదమ్ములిద్దరు ఒక్క డాలరు పందెం కాసి, తమ దొరబాబు మేనేజరును వీధిలోకి నెట్టి, వీధిలో అడుక్కునేవాణ్ణి (నటుడు ఎడీ మర్ఫీ) అతని కుర్చీలో కూర్చోబెడతారు. అంతవరకు పడీపడీ నవ్వాం. చివర నారింజ రసం బేరాలు జరిగే హాలులో అందరూ చేతులూపుతూ అరిచేటప్పుడు ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. దగ్గర లేని సరుకును అమ్మడం ఏమిటి, తర్వాత కొనడం ఏమిటి?

రాయగడ గుమాస్తా:
తమ్ముడూ, నేను పత్తి కొనే షావుకారు దగ్గర లెక్కలు రాస్తాను. వంద క్వింటాళ్లు జనవరిలో ఇస్తానని, ఈరోజు ధరకే నీతో ఒప్పుకున్నాననుకో. నా దగ్గర పత్తికాయ కూడా లేదు. ఈలోగా ధర పడితే చవకగా కొని నీకు ఇచ్చేస్తాను, మిగిలింది నాది. పెరిగితే నా ఇల్లు అమ్ముకోవాలి. సినిమాలోనూ అంతే. మర్ఫీ, దొరబాబు ఒకటయ్యారు. ప్రభుత్వం ప్రకటించకముందే నారింజ పంట అసలు నివేదిక వీళ్లకు చిక్కింది, ముసలివాళ్లకు మార్చిన కాగితం అందింది. చలికి తోటలు పోయాయని నమ్మి వాళ్లు కొంటూ పోయారు, ధర ఎగబాకింది. వీళ్లు పౌను 142 సెంట్లకు అమ్మకం మొదలుపెట్టారు. పంటకు నష్టం లేదని ప్రభుత్వం ప్రకటించగానే ధర కూలింది. ధర 29కి దిగేదాకా వీళ్లు తిరిగి కొంటూ పోయారు. ఒక్కో ఒప్పందం 15,000 పౌన్లు, లెక్క వేసుకో. ముసలివాళ్లు అక్కడికక్కడే కట్టాల్సింది 39.4 కోట్ల డాలర్లు!

నాకు మరీ నచ్చిన ఘట్టం వేరు. మర్ఫీ కొత్తగా వచ్చీ రాగానే, పందిమాంసం ఇప్పుడే కొనవద్దంటాడు. క్రిస్మస్ దగ్గరపడింది, పిల్లవాడికి బొమ్మ కొనలేనేమోనని సరుకున్నవాడు కంగారుపడి అమ్మేస్తాడు, ధర ఇంకా దిగుతుంది అని. సంక్రాంతి ముందు మా కాటా దగ్గర నిలబడి చూడు. ధర తగ్గిందని తెలిసి కూడా రైతు బస్తాలు దింపేస్తాడు, ఇంట్లో అందరికీ బట్టలు కావాలి కదా. ఈ సంగతి మా చిన్న షావుకారుకంటే కాటా పట్టే మనిషికే బాగా తెలుసు. అతన్ని ఎవరూ అడగరు.

బరంపురం మేష్టారు:
మన ‘రాముడు భీముడు’లో (1964) ఇద్దరు ఎన్టీఆర్‌లదీ ఒకే మొహం కనుక తారుమారు చెల్లింది. ఇక్కడ ఒకడు తెల్లవాడు, ఒకడు నల్లవాడు. అయినా ఇల్లూ సూటూ మారగానే లోకం ఒప్పుకుంది. అదే అసలు హాస్యం. అలాగని దీన్ని పేదల పక్షం సినిమా అనకండి. మర్ఫీ కూడా పాత స్నేహితులు తన ఇంట్లో సిగరెట్లు నేలమీద నలిపితే మండిపడతాడు. రైల్లో తెల్ల నాయకుడు మొహానికి నలుపు పూసుకోవడం నాకైతే చూడబుద్ధి కాలేదు.

రాయగడ గుమాస్తా:
ఆ రైలు సంగతి ఒప్పుకుంటాను మేష్టారు గారూ. కానీ చివరి బేరానికి పెట్టుబడి ఎవరిదో గమనించారా? బట్లరు జీవితమంతా దాచుకున్నది, ఒళ్లమ్ముకునే బతుకు మానేద్దామని ఒక అమ్మాయి కూడబెట్టుకున్నది. దొరబాబు జేబులో అప్పటికి చిల్లర కూడా లేదు.

గుణుపురం కుర్రాడు:
మరి దొంగిలించిన నివేదికతో వ్యాపారం చేస్తే జైలు పడదా?

బరంపురం మేష్టారు:
కాగితం కాజేయడం అప్పుడూ దొంగతనమే. ప్రభుత్వం నుంచి అలా కొట్టేసిన సమాచారంతో సరుకుల బేరాలు చేయకూడదని అమెరికా సూటిగా నిషేధించింది మాత్రం 2010లో, డాడ్-ఫ్రాంక్ అనే ఆర్థిక చట్టంతో. ఆ నిబంధనను అక్కడ ‘ఎడీ మర్ఫీ రూల్’ అనే పిలుస్తారు.