రియాక్టర్ పేలుడు తర్వాత సంపులో థిన్నర్ వాసన: ఏ టెస్ట్, ఎక్కడ?

జీడిమెట్ల వైపు ఓ కెమికల్ యూనిట్‌లో రియాక్టర్ పేలాక, మంటలార్పిన నీళ్లు నాలా పొంగి మా అపార్ట్‌మెంట్ సంపులోకి దిగాయి. రవ్వ పడితే ఆవిరి అంటుకుంటుందని మోటారుకు మీటర్ దగ్గరే కరెంటు తీసేశాం, లోపలికి ఎవర్నీ దిగనివ్వట్లేదు. టీడీఎస్ మామూలుగానే ఉంది, కానీ ఆ మీటర్‌కి తెలిసేది లవణాలే, థిన్నర్ లాంటి సాల్వెంట్లు కాదు. మరిగిస్తే ఆవిరంతా వంటింట్లోకే. సాల్వెంట్లలో టోల్యూన్ లాంటివి నీటిపైన తేలతాయి, డైక్లోరోమీథేన్ లాంటివి అడుగుకు చేరతాయి. అందుకే రెండుచోట్లా శాంపిల్ తీసి, గాజు సీసాలో బుడగ లేకుండా నింపి, ఐస్‌లో పెట్టి ఇద్దామని.

హైదరాబాద్‌లో ఇళ్లవాళ్లకి గ్యాస్ క్రొమటోగ్రఫీ (నీళ్లలో ఏ సాల్వెంట్ ఎంతుందో విడదీసి చెప్పే టెస్ట్) చేసిచ్చే ల్యాబ్ ఏది? సంపు గోడల ప్లాస్టరింగ్ కడిగితే చాలా, చెక్కించాలా? తోడిన నీళ్లు డ్రైనేజీలో వదల్లేం, మరి ఎవరికి అప్పగించాలి?