ఐబీ డిప్లొమా మొదటి ఏడాదికి ఈ ఎనిమిది వారాల్లో ఎలా సిద్ధపడాలి?

ప్రశ్న: కొత్త విద్యార్థిని

అందరికీ నమస్కారం. నేను పదో తరగతి పూర్తి చేశాను. మరో ఎనిమిది వారాల్లో ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) అనే రెండేళ్ల డిప్లొమా ప్రోగ్రామ్ మొదటి సంవత్సరంలో చేరుతున్నాను. ఎక్కువ లోతుగా చదివే హయ్యర్ లెవెల్‌లో కెమిస్ట్రీ, బయాలజీ, గణితం తీసుకున్నాను. గణితంలో నాది అనాలిసిస్ అండ్ అప్రోచెస్ కోర్సు. స్టాండర్డ్ లెవెల్‌లో ఇంగ్లిష్, ఎకనామిక్స్‌తో పాటు, భాష బొత్తిగా రానివారి కోసం ఉండే ఫ్రెంచ్ అబ్ ఇనీషియో ఎంచుకున్నాను.

ఇంతవరకు నేను చదివిన పద్ధతి వేరు. పాఠ్యపుస్తకంలో ఉన్నది బాగా చదివి, పరీక్షలో అదే రాస్తే మంచి మార్కులు వచ్చేవి. ఇప్పుడు ఎక్స్‌టెండెడ్ ఎస్సే అనే నాలుగు వేల పదాల వ్యాసం ఒకటి సొంతంగా రాయాలని, ప్రతి సబ్జెక్టులోనూ ఇంటర్నల్ అసెస్‌మెంట్ (కోర్సు మధ్యలో మనమే చేసి ఇచ్చే, మార్కులు లెక్కకు వచ్చే పని) ఉంటుందని, వీటితో పాటు థియరీ ఆఫ్ నాలెడ్జ్ (జ్ఞానం అంటే ఏమిటో ఆలోచింపజేసే కోర్సు), క్యాస్ (చదువు బయటి కార్యక్రమాలు) కూడా పూర్తి చేయాలని చెబుతున్నారు. రెండు పేజీలకు మించి నేను ఏదీ సొంతంగా రాసి ఎరుగను. అందుకే భయంగా ఉంది.

కెమిస్ట్రీ, గణితం పుస్తకాల్లో మొదటి నాలుగైదు అధ్యాయాలు ఈ సెలవుల్లోనే చదివేసి, కొన్ని పాత ప్రశ్నపత్రాలు సాధన చేద్దామని అనుకుంటున్నాను. ఇది సరైన మార్గమేనా, లేక ఈ సమయాన్ని మరో విధంగా వాడుకోవాలా? ఈ కోర్సు చదివినవారు, బోధిస్తున్నవారు, పిల్లలను చదివించిన తల్లిదండ్రులు దయచేసి చెప్పగలరు.

జవాబు 1: పూర్వ విద్యార్థిని

చేరేముందు నేను కూడా సరిగ్గా మీలాగే ఆలోచించి, సెలవుల్లో కెమిస్ట్రీ మూడు అధ్యాయాలు చదువుకొని వెళ్లాను. తరగతిలో ఆ మూడు అధ్యాయాలూ త్వరగానే అయిపోయాయి, ఆ తర్వాత నేనూ అందరితో సమానమే అయ్యాను. ముందుగా చదవడం వల్ల నష్టమేమీ జరగలేదు గానీ, రెండేళ్లలో నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది పాఠాలు కావు.

ఈ కోర్సులో మామూలుగా మొదటి ఏడాది చివర బోర్డు పరీక్షలంటూ ఉండవు. మే నెలలో గానీ నవంబరులో గానీ జరిగే చివరి పరీక్షలు రెండేళ్ల పాఠాలనూ కలిపి అడుగుతాయి. అందువల్ల మొదటి కొన్ని నెలలు ఎంతో తీరికగా ఉన్నట్టు కనిపిస్తుంది. రెండో ఏడాది మొదలయ్యేసరికి ఎక్స్‌టెండెడ్ ఎస్సే తుది ప్రతి, థియరీ ఆఫ్ నాలెడ్జ్ వ్యాసం, సబ్జెక్టుల ఇంటర్నల్ అసెస్‌మెంట్లు, విశ్వవిద్యాలయాలకు పెట్టుకునే దరఖాస్తులు ఒకదాని మీద ఒకటి వచ్చి పడతాయి. ఆ దరఖాస్తులకు కావలసిన ప్రెడిక్టెడ్ గ్రేడ్లను, అంటే చివరికి రావచ్చని అంచనా వేసే గ్రేడ్లను, ఉపాధ్యాయులు అప్పటివరకు మనం చేసిన పని చూసే నిర్ణయిస్తారు, అంటే అందులో చాలా భాగం మొదటి ఏడాది పనే.

నా విషయంలో జరిగినది ఒకటి చెబుతాను. కెమిస్ట్రీ ఇంటర్నల్ అసెస్‌మెంట్ కోసం విటమిన్ సి ద్రావణాన్ని వేర్వేరు ఉష్ణోగ్రతల్లో వేడి చేసి, అయోడిన్‌తో టైట్రేషన్ చేశాను, అంటే ఎంత అయోడిన్ పడుతుందో బ్యూరెట్ అనే కొలత గొట్టంతో కొలిచాను. ప్రయోగం బాగానే వచ్చింది. నాలుగు నెలల తర్వాత నివేదిక రాయడానికి నోటుపుస్తకం తెరిస్తే, ఒక్కో వరుసలో 18.4, 17.9 అని అంకెలు మాత్రమే ఉన్నాయి. బ్యూరెట్ తొలి రీడింగు లేదు, తుది రీడింగు లేదు, ఆ అంకెల్లో అనిశ్చితి ఎంతో రాయలేదు, ద్రావణాన్ని ఎన్ని నిమిషాలు వేడి చేశానో కూడా లేదు. ఆ అంకెలతో విశ్లేషణ రాయడం సాధ్యం కాలేదు. ఎక్స్‌టెండెడ్ ఎస్సే గడువు దగ్గరపడిన వారంలోనే రెండు రోజులు ప్రయోగశాలలో కూర్చొని మొత్తం మళ్లీ చేశాను. సైన్స్ సబ్జెక్టుల్లో ఈ నివేదిక మూడు వేల పదాలకు మించకూడదు, తుది గ్రేడులో దీనికి 20 శాతం విలువ ఉంటుంది. ఆ 20 శాతం మనం ప్రయోగం చేసిన రోజున ఏం రాసిపెట్టుకున్నామన్న దాని మీదే ఆధారపడుతుందని నాకు అప్పుడు అర్థమైంది.

కాబట్టి ఈ ఎనిమిది వారాల్లో రాసిపెట్టుకునే అలవాటు చేసుకోమని నా మనవి. ఏదైనా వ్యాసం చదివితే, అది ఎక్కడిది, ఎవరు రాశారు, అందులో మీకు పనికొచ్చిన వాక్యం ఏది, దానితో మీరు ఎక్కడ ఏకీభవించలేదు అన్నవి నాలుగు వరుసల్లో రాయండి. వారానికి ఒకసారి, మీకు నిజంగా ఆసక్తి ఉన్న ఒక ప్రశ్న తీసుకొని నాలుగు వందల పదాలు సొంతంగా రాయండి. మొదటి రెండు చాలా పేలవంగా వస్తాయి. నావీ అలాగే వచ్చాయి. అయినా ఆపకండి.

జవాబు 2: గణితం ఉపాధ్యాయుడు

పై జవాబుతో చాలావరకు ఏకీభవిస్తాను. గణితం విషయంలో మాత్రం కొంచెం వేరుగా చెబుతాను. కొత్త అధ్యాయాలు ముందుగా చదవనవసరం లేదు, కానీ పాతవి గట్టిగా చూసుకోవాలి. హయ్యర్ లెవెల్‌లో వెనుకబడిన విద్యార్థులను నేను దగ్గర నుంచి చూశాను. వారిలో ఎక్కువమంది కొత్త భావన అర్థంకాక ఆగిపోలేదు. ఘాతాంకాలు, సంవర్గమానాలు, భిన్నాల సూక్ష్మీకరణ, త్రికోణమితి సర్వసమీకరణాల దగ్గర ప్రతి లెక్కలోనూ రెండేసి నిమిషాలు పోగొట్టుకొని ఆగిపోయారు.

అనాలిసిస్ అండ్ అప్రోచెస్‌లో పేపర్ 1కు క్యాలిక్యులేటర్ అనుమతించరు. హయ్యర్ లెవెల్‌లో ఆ పేపర్ రెండు గంటలు, 30 శాతం. x² − 6x + 4 = 0 అన్న సమీకరణాన్ని ఇచ్చి కచ్చితమైన విలువ అడిగితే, 3 + √5, 3 − √5 అని రాయాలి. క్యాలిక్యులేటర్‌కు అలవాటుపడిన విద్యార్థి చేయి 5.236 వైపు వెళుతుంది, అడిగింది అది కాదు. క్యాలిక్యులేటర్ అనుమతించే పేపర్లలో చిక్కు మరోలా ఉంటుంది. డిగ్రీలకు బదులు రేడియన్లలో పెట్టి ఉన్న క్యాలిక్యులేటర్‌లో సైన్ 30 నొక్కితే 0.5 రాదు, మైనస్ 0.988 వస్తుంది. ఆ అంకెను చూసి ఇది తప్పు అని వెంటనే అనుమానం రావాలంటే, చేత్తో చేసిన సాధన ముందే ఉండాలి.

ప్రశ్నలో వాడే ఆదేశ పదాలను కూడా ఇప్పుడే నేర్చుకోండి. వీటిని కమాండ్ టర్మ్స్ అంటారు, ప్రతి సబ్జెక్టు గైడ్‌లోనూ జాబితా ఉంటుంది. గణితంలో ‘హెన్స్’ అని ఉంటే పై భాగంలో వచ్చిన ఫలితాన్ని వాడే చేయాలి. ‘హెన్స్ ఆర్ అదర్‌వైజ్’ అని ఉంటే వేరే దారిలో కూడా చేయవచ్చు. ‘షో దట్’ అంటే జవాబు ముందే ఇచ్చారు కాబట్టి మార్కులన్నీ మధ్యలోని మెట్లకే వస్తాయి. మీరు చదివిన పద్ధతిలో జవాబు వస్తే చాలు అనిపించేది, ఇక్కడ మెట్లు రాయకపోతే మార్కులు రావు. ఎకనామిక్స్‌లో ‘ఎక్స్‌ప్లెయిన్’ అన్నదానికీ ‘ఇవాల్యుయేట్’ అన్నదానికీ రాయవలసిన జవాబులు పూర్తిగా వేరు.

పాత ప్రశ్నపత్రాలు మాత్రం ఇప్పుడు ముట్టుకోకండి. పాఠం వినకుండా వాటిని చూస్తే భయం పెరుగుతుంది, పైగా రెండో ఏడాదిలో సాధనకు కావలసిన కొత్త ప్రశ్నలు అప్పటికి మీకు మిగలవు. రోజుకు ముప్పై నిమిషాలు, క్యాలిక్యులేటర్ పక్కన పెట్టి, పాత బీజగణితం చేస్తే చాలు.

జవాబు 3: ఒక తల్లి

అమ్మా, మా అబ్బాయి ఈ కోర్సు చదివిన రెండేళ్లూ పక్కనుండి చూసినదాన్ని కాబట్టి క్యాస్ గురించి, నిద్ర గురించి రెండు మాటలు చెబుతాను.

క్యాస్ అంటే సృజన, శారీరక శ్రమ, సేవ. దీనికి పాయింట్లు ఉండవు, కానీ ఇది పూర్తికాకపోతే డిప్లొమా రాదు. ఇన్ని గంటలు చేయాలన్న లెక్క ఇప్పుడు లేదు. కనీసం 18 నెలల పాటు క్రమంగా సాగాలి, ఏడు అభ్యసన ఫలితాలకు ఆధారాలు చూపాలి, కనీసం ఒక నెల నడిచే ప్రాజెక్టు ఒకటి ఉండాలి. మా వాడు మొదటి నెలలోనే తొమ్మిది కార్యక్రమాల్లో పేరు రాయించుకున్నాడు. మూడో నెలకు ఏదీ సరిగ్గా చేయలేక, చేసిన వాటి గురించి రాయడం కూడా మానేశాడు. చివరికి రెండు మిగిలాయి. చిన్న పిల్లలకు వారానికి ఒకరోజు చదవడం నేర్పడం, సాయంత్రం ఈత. ఆ రెండింటిలోనే అతనికి రాయడానికి విషయం దొరికింది. నువ్వు ఇప్పటికే ఇష్టంగా చేస్తున్న పని ఏదైనా ఉంటే, దాన్నే కొనసాగించే మార్గం చూసుకో.

నిద్ర విషయంలో మా ఇంట్లో ఒక నియమం పెట్టుకోవలసి వచ్చింది. రాత్రి పదకొండు దాటితే ఏ పనైనా సరే, సగంలో ఉన్నా ఆపాలి. మొదట్లో అతనికి కోపం వచ్చేది. తర్వాత సాయంత్రం పనిని ముందుగా మొదలుపెట్టడం అతనే నేర్చుకున్నాడు. ఈ అలవాటు సెలవుల్లో చేసుకోవడం తేలిక తల్లీ, కోర్సు మధ్యలో చాలా కష్టం.

జవాబు 4: ఎక్స్‌టెండెడ్ ఎస్సే పర్యవేక్షకురాలు

నాలుగు వేల పదాలు అన్న మాట విని భయపడినట్టున్నారు. అది గరిష్ఠ పరిమితి. నా దగ్గరకు వచ్చే విద్యార్థుల్లో చాలామందికి చివర్లో ఎదురయ్యే కష్టం పదాలు చాలకపోవడం కాదు, ఆరు వేల పదాలు రాసి వాటిని తగ్గించలేకపోవడం. దానికి కారణం ప్రశ్న మరీ విశాలంగా ఉండటమే. ‘నదీ కాలుష్యం’ అన్నది ప్రశ్న కాదు. ఒక నిర్దిష్టమైన లోహ అయాను గాఢత పెరిగేకొద్దీ ఒక నిర్దిష్టమైన గింజ మొలకెత్తే శాతం ఎలా మారుతుంది అన్నది ప్రశ్న. దీనికి మీరు స్వయంగా కొలిచి జవాబు చెప్పగలరు. ఇప్పుడే అంశం నిర్ణయించుకోవలసిన పని లేదు. మీకు ఎదురైన ఆసక్తికరమైన ప్రశ్నలను మాత్రం ఒకచోట రాస్తూ ఉండండి. పర్యవేక్షకులు మీకు కేటాయించగలిగే సమయం మొత్తం మీద మూడు నుంచి ఐదు గంటలే. ఆ గంటలను అంశం వెతకడానికే ఖర్చు చేసుకోకూడదు.

థియరీ ఆఫ్ నాలెడ్జ్‌లో చాలా పాఠశాలలు మొదటి ఏడాదిలోనే ఎగ్జిబిషన్ చేయిస్తాయి. ఐబీ ఇచ్చిన 35 ప్రశ్నల్లో ఒకదాన్ని తీసుకొని, దానికి మూడు వస్తువులను ముడిపెట్టి, 950 పదాలకు మించకుండా వివరించాలి. ‘ఏది జ్ఞానంగా లెక్కకు వస్తుంది?’ అన్నది అలాంటి ప్రశ్న. వస్తువు అంటే ఇక్కడ ఏదో ఒక గడియారం కాదు. తాతగారు ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుకు తిప్పి ఉంచుకున్న ఫలానా గోడ గడియారం. దాని వెనుక ఒక మనిషి, ఒక కారణం, ఒక సందర్భం ఉన్నాయి కాబట్టి దాని గురించి ఆలోచించడానికి వీలవుతుంది. అలాంటి వస్తువులు మీ చుట్టూ ఏమున్నాయో సెలవుల్లో గమనించండి.

మార్కుల లెక్క కూడా తెలిసి ఉండాలి. ఆరు సబ్జెక్టులకు ఏడేసి చొప్పున 42, ఎక్స్‌టెండెడ్ ఎస్సే, థియరీ ఆఫ్ నాలెడ్జ్ రెండింటికీ కలిపి గరిష్ఠంగా 3, మొత్తం 45. మూడు పాయింట్లే కదా అని కొందరు తేలికగా తీసుకుంటారు. ఈ రెండింటిలో దేనిలో అన్నిటికన్నా తక్కువదైన ‘ఇ’ గ్రేడు వచ్చినా, మిగతా సబ్జెక్టుల్లో ఎంత బాగా చేసినా డిప్లొమా రాదు.

ప్రశ్న అడిగిన విద్యార్థిని

అందరికీ హృదయపూర్వక ధన్యవాదాలు. అక్క చెప్పినట్టు ఈ ఆదివారం నుంచే నాలుగు వందల పదాలు రాయడం మొదలుపెడతాను. గణితం సార్‌ను మరొక్క మాట అడగాలి. ఒకవేళ రెండు, మూడు నెలల తర్వాత హయ్యర్ లెవెల్ గణితం నాకు మించిన భారం అనిపిస్తే, స్టాండర్డ్‌కు మారవచ్చా? అలా మారితే నా డిప్లొమాకు ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

జవాబు 5: గణితం ఉపాధ్యాయుడు

మారవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. చాలా పాఠశాలలు మొదటి ఏడాది తొలి నెలల్లో దీనికి ఒక గడువు పెడతాయి. ఐబీ సూచించే బోధన సమయం స్టాండర్డ్ లెవెల్‌కు 150 గంటలు, హయ్యర్ లెవెల్‌కు 240 గంటలు. అందువల్ల పైనుంచి కిందికి రావడం సులభం, కిందినుంచి పైకి వెళ్లడం కష్టం.

అయితే మీ ఎంపికలో ఒక చిక్కు ఉంది. డిప్లొమాకు కనీసం మూడు సబ్జెక్టులు హయ్యర్ లెవెల్‌లో ఉండాలి, మీకు సరిగ్గా మూడే ఉన్నాయి. గణితం కిందికి దించితే, మరొకటి పైకి తీసుకోవాలి. అబ్ ఇనీషియో భాషలకు స్టాండర్డ్ లెవెల్ తప్ప మరొకటి లేదు కాబట్టి ఫ్రెంచ్‌తో ఆ పని కాదు. ఇక మిగిలేవి ఇంగ్లిష్, ఎకనామిక్స్. ఆ తరగతులు అప్పటికే ముందుకు సాగిపోయి ఉంటాయి, తప్పిన పాఠాలను మీరు సొంతంగా పూడ్చుకోవాలి. మీరు ఇంజినీరింగ్, ఆర్థికశాస్త్రం లాంటి కోర్సుల వైపు వెళ్లాలనుకుంటే, కొన్ని విశ్వవిద్యాలయాలు హయ్యర్ లెవెల్ గణితమే కావాలని అడుగుతాయి. కాబట్టి చేరిన మొదటి వారంలోనే మీ పాఠశాల డిప్లొమా కోఆర్డినేటర్‌ను కలిసి, లెవెల్ మార్చుకోవడానికి చివరి తేదీ ఏదో, ఇంగ్లిష్, ఎకనామిక్స్‌లలో దేనికి హయ్యర్ లెవెల్ తరగతి నడుస్తుందో, మీ టైమ్‌టేబుల్‌లో ఆ పీరియడ్లు దేనితోనైనా ఢీకొంటాయో అడిగి రాసిపెట్టుకోండి. మొదటి యూనిట్ పరీక్ష పేపరు దిద్ది ఇచ్చిన రోజున దాన్ని మీ గణితం ఉపాధ్యాయుడి దగ్గరకు తీసుకెళ్లి, మార్కులు పాత పాఠాల దగ్గర పోయాయా, కొత్త పాఠాల దగ్గర పోయాయా అని అడగండి. పాత పాఠాల దగ్గర పోయి ఉంటే లెవెల్ మార్చుకోవడానికి తొందరపడకండి.