అపోజ్ పక్కన ‘టు’ ఎప్పుడు వస్తుంది?

అపార్ట్‌మెంట్ మీద సెల్ టవర్ వద్దంటూ మున్సిపల్ కమిషనర్‌కు రాసే వినతిపత్రంలోని ఒక వాక్యాన్ని నిన్న మన గుంపులో ఒకరు సరిచేయమన్నారు: ‘వుయ్ ఆర్ అపోజింగ్ టు ద టవర్’. జవాబిచ్చినవారిలో కొందరు ‘టు’ తీసేయమన్నారు. మరికొందరు ‘అపోజ్డ్ టు’ అని పేపర్లలో రోజూ చూస్తున్నాం కదా, ఉండనివ్వండి అన్నారు. రెండు పక్షాలూ ఒప్పే. అదే వాక్యాన్ని తెలుగులో పలికి, విభక్తి ఎక్కడ మారుతోందో చూస్తే తగువు తీరిపోతుంది.

‘టవర్‌ను వ్యతిరేకిస్తాం’ అంటాం. ‘టవర్‌కు వ్యతిరేకులం’ అని కూడా అంటాం. క్రియ వాడితే ‘ను’, మన వైఖరిని చెప్పే మాట వాడితే ‘కు’. ‘టవర్‌కు వ్యతిరేకిస్తాం’ అని ఎవరూ రాయరు. ఇంగ్లీషులోనూ అచ్చంగా ఇదే పద్ధతి. ‘వుయ్ అపోజ్ ద టవర్’ అన్నప్పుడు మధ్యలో ఏమీ రాదు. ‘వుయ్ ఆర్ అపోజ్డ్ టు ద టవర్’ అన్నప్పుడు ‘టు’ తప్పనిసరి. ఆ వినతిపత్రంలోని వాక్యానికి తల ఒకదానిది, తోక ఇంకొకదానిది.

అందులో ఇంకో చిక్కు కూడా ఉంది, దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. తెలుగులో ‘వ్యతిరేకిస్తున్నాం’ అన్నది ఈ క్షణాన జరుగుతున్న పనికీ, స్థిరమైన అభిప్రాయానికీ ఒక్కటే రూపం. అందుకే చేయి దానంతటదే ‘ఆర్ అపోజింగ్’ అని రాసేస్తుంది. అభిప్రాయం చెప్పేటప్పుడు ఇంగ్లీషులో ‘అపోజ్’ చాలు. ప్రభుత్వ న్యాయవాది కోర్టులో నిలబడి బెయిల్ ఇవ్వొద్దని వాదిస్తూ ఉంటే, అప్పుడు ‘ఈజ్ అపోజింగ్ ద బెయిల్ ప్లీ’ అనడం సబబే. అక్కడ పని జరుగుతోంది మరి.

‘అబ్జెక్ట్’ సంగతి వేరు. దీని పక్కన ‘టు’ ఉండాల్సిందే. ఇక్కడా తెలుగే దారి చూపిస్తుంది: ‘పెళ్లికి అభ్యంతరం లేదు’ అంటాం కదా, ఆ ‘కి’యే ఈ ‘టు’. అయితే ప్రవేశ పరీక్షల కాలంలో పత్రికలన్నీ ‘ప్రాథమిక కీపై అభ్యంతరాలు’ అని శీర్షిక పెడతాయి. ఆ ‘పై’ విద్యార్థి నోట్లో ‘ఆబ్జెక్షన్ ఆన్ ద కీ’ అయి కూర్చుంటుంది. ‘ఆబ్జెక్షన్ టు ద కీ’ అనాలి.

అసలు గుంట దీని తరువాత ఉంది. ‘అతను రాత్రిపూట పనిచేయడానికి అభ్యంతరం చెప్పాడు’ అన్న వాక్యాన్ని మనలో చాలామంది ‘హి అబ్జెక్టెడ్ టు వర్క్ ఎట్ నైట్’ అని రాస్తారు. కారణం ‘పనిచేయడానికి’ అన్న మాటే. ‘పనిచేయడానికి వచ్చాడు’ అన్నప్పుడు అది ప్రయోజనం. ‘పనిచేయడానికి అభ్యంతరం’ అన్నప్పుడు అది పనిచేయడం అనే నామానికి చేరిన ‘కి’ విభక్తి. మనకు రూపం ఒకటే కాబట్టి తేడా చెవికి తగలదు. ఇంగ్లీషులో మొదటిది ‘టు వర్క్’, రెండోది ‘టు వర్కింగ్’. అనుమానం వస్తే ఆ చోట మామూలు నామం పెట్టి చూడండి. ‘రాత్రి డ్యూటీకి అభ్యంతరం చెప్పాడు’ అని కుదిరిందంటే ‘వర్కింగ్’ రాయాలి. ‘రాత్రి డ్యూటీకి వచ్చాడు’ కూడా కుదురుతుంది కదా అని వాదించేవాళ్లు మన గుంపులో ఉన్నారని తెలుసు. వారికి వేరే పరీక్ష: ‘పనిచేయాలని వచ్చాడు’ అనవచ్చు, ‘పనిచేయాలని అభ్యంతరం చెప్పాడు’ అంటే అర్థమే మారిపోతుంది.

విభక్తిని నమ్ముకుంటే మోసపోయే క్రియ ఒకటుంది: ‘డిసెంట్’. పోలీసు నిఘా మీద సుప్రీంకోర్టుకు వెళ్లిన ఖరక్ సింగ్ కేసులో 1962లో జస్టిస్ కోకా సుబ్బారావు మెజారిటీ తీర్పుతో విభేదించారు. వ్యక్తిగత స్వేచ్ఛలో గోప్యత కూడా భాగమేనని ఆ రాజమండ్రి న్యాయకోవిదుడు ఆనాడే రాశారు. 2017లో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యత హక్కు మీద వచ్చిన పుట్టస్వామి కేసులో ఆ దృష్టినే సమర్థించింది. తెలుగులో ‘తీర్పుతో విభేదించారు’ అన్నాం కాబట్టి ‘డిసెంటెడ్ విత్’ అని రాయబోతాం. ‘డిసెంటెడ్ ఫ్రమ్’ అనాలి. ‘డిసగ్రీ’కి మాత్రం మన ‘తో’ చక్కగా అతుకుతుంది, అక్కడ ‘విత్’ సరైనదే.

ఇక ఎన్నికల వార్తల్లో వచ్చే ‘అనపోజ్డ్’. దీనికి మనం ‘ఏకగ్రీవం’ అంటాం, అంటే ఒకే గొంతు. తమాషా ఏమిటంటే, అందరూ చేతులెత్తి చేసిన తీర్మానమూ మనకు ఏకగ్రీవమే, పోటీయే లేని సర్పంచి ఎన్నికా ఏకగ్రీవమే. అందుకే తిరిగి ఇంగ్లీషులోకి తీసుకెళ్లేటప్పుడు రెండింటికీ ‘యునానిమస్‌లీ’ అని రాసేస్తున్నారు. 1977లో నీలం సంజీవరెడ్డి రాష్ట్రపతి అయినప్పుడు 37 నామినేషన్లు దాఖలైతే 36 తిరస్కరణకు గురయ్యాయి. పోలింగే జరగలేదు. ఓట్లే పడనప్పుడు అందరూ ఓటేశారనే అర్థం వచ్చే మాట ఎలా వాడతాం? ‘ఎలెక్టెడ్ అనపోజ్డ్’ అనే రాయాలి.

కింద వ్యాఖ్యల్లో ‘ప్రొటెస్ట్’ వాడకం గురించి అడిగినవారికి: ‘హి ప్రొటెస్టెడ్ హిజ్ ఇన్నొసెన్స్’ అంటే తాను నిర్దోషినని గట్టిగా చెప్పాడని. లాటిన్‌లో ఆ ధాతువుకు బహిరంగంగా ప్రకటించడమని అర్థం. 1529లో జర్మనీలోని స్పేయర్ సభలో లూథర్ పక్షం పాలకులు ఇచ్చిన ప్రకటన నుంచే ప్రొటెస్టంట్ అన్న పేరు వచ్చింది. నిరసన అన్న అర్థంలో వాడేటప్పుడు అమెరికావాళ్లు ‘ప్రొటెస్ట్ ద వార్’ అని నేరుగా అంటారు, బ్రిటిష్ పద్ధతిలో ‘ప్రొటెస్ట్ అగెనెస్ట్ ద వార్’. మన కార్యాలయాల్లో నడిచేది బ్రిటిష్ ఇంగ్లీషే కాబట్టి ‘అగెనెస్ట్’ పెట్టేయండి, ఎవరూ వంక పెట్టరు. ‘రెసిస్ట్’ (ప్రతిఘటించు) పక్కన మాత్రం దాన్ని పెట్టకండి.