మార్చిలో వల దక్షిణానికి కొట్టుకుపోయింది, సుడి వల్లేనా?

రాయపురం నుంచి:
మాది నెల్లూరు వైపు నుంచి వచ్చి చెన్నైలో స్థిరపడ్డ కుటుంబం. బాబాయికి కాసిమేడులో ఫైబర్ బోటు ఉంది. మార్చిలో ఒక రాత్రి ఒడ్డుకు అరవై కిలోమీటర్ల దూరాన వల వదిలారు. ఆ నెలల్లో నీరు ఉత్తరానికి, పులికాట్ వైపు లాగుతుందని ఆయన లెక్క. తెల్లారి జీపీఎస్ చూస్తే వల, బోటు రెండూ దక్షిణానికి వెళ్లిపోయాయి. గాలి కూడా లేదట. రేవులో ఎవరో సుడి అన్నారు. అప్పటి నుంచి పిన్నికి ఒకటే టెన్షన్. సుడి పడవను లోపలికి లాగేస్తుందా?

పళ్ళికరణై నుంచి:
లాగేయదు, ముందు పిన్నిగారికి ఆ మాట చెప్పండి. ఉపగ్రహాలు కొలిచిన సముద్రమట్టం లెక్కలతోనే నా పని. బంగాళాఖాతంలో ఒక్కో సుడి వంద, రెండొందల కిలోమీటర్ల వెడల్పు ఉంటుంది. అంత మేరలో నీటి ఎత్తు తేడా పది, ఇరవై సెంటీమీటర్లే. బోటులో ఉన్నవాళ్లకు అది కంటికి ఆనదు, జీపీఎస్‌లోనే బయటపడుతుంది.

బాబాయిగారి లెక్క తప్పు కాదు. ఫిబ్రవరి నుంచి మే దాకా మన తీరం వెంట ప్రవాహం ఉత్తరానికే, అక్టోబరు నుంచి దక్షిణానికి తిరుగుతుంది. అయితే మన అర్ధగోళంలో చల్లటి సుడి గడియారానికి ఎదురుగా తిరుగుతుంది. దాని నడుమ లోతు నుంచి చల్లటి నీరు పైకి వస్తుంది, పడమటి అంచున నీరు దక్షిణానికి పారుతుంది. అలాంటిది తీరానికి దగ్గరగా వస్తే వల దక్షిణానికే పోతుంది. ఆ రోజు జరిగింది అదే అయ్యుండాలి. చేయి పెడితే తేడా తెలియకపోవచ్చు, వంద మీటర్ల లోతున మాత్రం నీరు బాగా చల్లగా ఉంటుంది.

ఎన్నూరు నుంచి:
కింది నీటితో పాటు పోషకాలు కూడా పైకి వస్తాయి, వాటితో చేపల మేతకు ఆధారమైన సన్నటి నాచు పెరిగి నీరు పచ్చబడుతుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ వాళ్లు ఉపగ్రహాలతో నీటి వేడి, పచ్చదనం చూసి చేపలుండే చోట్లు రోజూ చెబుతారు. బాబాయిని అది చూసుకుని వెళ్లమనండి.

రాయపురం నుంచి:
పిన్ని కుదుటపడింది. ఎన్నాళ్లుంటుందది? తుఫానుకు సంబంధం ఉందా?

పళ్ళికరణై నుంచి:
కొన్ని వారాల నుంచి నెలల దాకా. రోజుకు కొన్ని కిలోమీటర్ల చొప్పున పడమటికి, అంటే మన వైపే జరుగుతుంది. తుఫానుకు బలమిచ్చేది వెచ్చటి సుడి. అందులో వేడి నీరు లోతుదాకా ఉంటుంది కాబట్టి తుఫాను ఎంత కలియబెట్టినా చల్లటి నీరు తేలిగ్గా పైకి రాదు. చల్లటి సుడి మీదుగా వెళితే తుఫాను నీరసించే అవకాశం ఉంటుంది. ఆ రాత్రి తేదీ, జీపీఎస్ గుర్తులు ఉంటే పంపండి, పటం మీద పెట్టి చూస్తాను.