జొనాథన్ మోట్స్‌ఫెల్ట్: గ్రీన్‌లాండ్‌ను ఐరోపా కూటమి నుంచి బయటికి ఎలా తెచ్చారు?

ప్రశ్న: ఉత్తరదిక్కు

గ్రీన్‌లాండ్ తొలి ప్రధాని జొనాథన్ మోట్స్‌ఫెల్ట్ మీద తెలుగులో ఒక వ్యాసం సిద్ధం చేస్తున్నాను. 1979లో స్వపరిపాలన, 1985లో ఐరోపా ఆర్థిక కూటమి నుంచి నిష్క్రమణ అన్నంతవరకు ఎక్కడ చూసినా దొరుకుతోంది. రెండు విషయాలు మాత్రం తేలడం లేదు. ప్రజలు 1982లోనే కూటమి వద్దని ఓటేస్తే బయటపడటానికి మూడేళ్లు ఎందుకు పట్టింది? పన్నెండేళ్లు పాలించిన నాయకుడు 1991లో దిగిపోయి 1997లో మళ్లీ ఎలా వచ్చారు? తెలిసినవారు వివరంగా చెప్పండి.

జవాబు: మత్స్యరేఖ

1982 నుంచి మొదలుపెడితే సగమే తెలుస్తుందండీ. పదేళ్లు వెనక్కి వెళ్లాలి.

1953లో డెన్మార్క్ తన రాజ్యాంగం మార్చుకుని గ్రీన్‌లాండ్‌ను ఒక జిల్లాగా తనలో కలిపేసుకుంది. అందువల్ల 1972 అక్టోబర్ 2న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో గ్రీన్‌లాండ్ ఓటర్లు దాదాపు 70 శాతం మంది కూటమి వద్దన్నా ఫలితం లేకపోయింది. డెన్మార్క్ మొత్తం లెక్కలో 'అవును' గెలిచింది, 1973 జనవరి 1న గ్రీన్‌లాండ్ కూడా చేరక తప్పలేదు. అదే డెన్మార్క్ కింద ఉన్న ఫారో దీవులకు 1948 నుంచే స్వపరిపాలన ఉంది కాబట్టి అవి చేరలేదు. ముందు స్వపరిపాలన, ఆ తర్వాతే కూటమి సంగతి అన్న వరస అక్కడే పుట్టింది.

మోట్స్‌ఫెల్ట్ 1938 సెప్టెంబర్ 25న దక్షిణాన కస్సిమియుత్ అనే చిన్న ఊళ్లో పుట్టారు. కాకొర్తోక్‌లో లూథరన్ పాస్టరుగా పనిచేశారు. లార్స్-ఎమిల్ యొహాన్సెన్, మోసెస్ ఓల్సెన్‌లతో కలిసి నడిపిన సియుముత్ ఉద్యమం 1977లో పార్టీ అయింది. 1979 జనవరి 17న స్వపరిపాలనకు 70 శాతం మంది సరేనన్నారు. ఏప్రిల్ ఎన్నికల్లో 21 సీట్లలో 13 సియుముత్‌కు, 8 ప్రత్యర్థి పార్టీ అతాస్సుత్‌కు వచ్చాయి. మే 1 నుంచి మోట్స్‌ఫెల్ట్ ప్రభుత్వాధినేత.

ఇక 1982 ఫిబ్రవరి 23. కూటమి నిధులు పోతాయని అతాస్సుత్ 'ఉందాం' అంది. మన సముద్రంలో చేప ఎవరు పట్టాలో బ్రస్సెల్స్‌లోని కూటమి కార్యాలయం నిర్ణయించడమేమిటని సియుముత్ 'పోదాం' అంది. 53 శాతంతో 'పోదాం' గెలిచింది. పదేళ్ల కిందటి 70 శాతంతో పోలిస్తే ఎంత తగ్గిందో చూడండి. బయటపడితే చేతికి ఏం దక్కుతుందో చూపించాల్సిన భారం అంతా మోట్స్‌ఫెల్ట్ ప్రభుత్వం మీదే పడింది.

మూడేళ్లు పట్టింది ఇందుకే. అప్పటి ఒప్పందాల్లో బయటికి వెళ్లే నిబంధనే లేదు. గ్రీన్‌లాండ్ సొంతంగా సభ్యదేశం కూడా కాదు. డెన్మార్క్ ప్రతిపాదించాలి, మూల ఒప్పందాలను సవరించాలి, పది సభ్యదేశాలూ ఆమోదించాలి. సవరణ ఒప్పందం మీద 1984 మార్చి 13న సంతకాలయ్యాయి, 1985 ఫిబ్రవరి 1న అమల్లోకి వచ్చింది.

అసలు బేరం చేపల దగ్గర సాగింది. కూటమి పడవలకు, ముఖ్యంగా పశ్చిమ జర్మనీ ట్రాలర్లకు, గ్రీన్‌లాండ్ కాడ్ చేపలు కావాలి. గ్రీన్‌లాండ్‌కు తన రొయ్యలూ చేపలూ ఐరోపాలో సుంకం లేకుండా అమ్ముడుపోవాలి. కట్టుబాటు ఇలా కుదిరింది: గ్రీన్‌లాండ్‌కు 'సముద్రపార ప్రాంతం' (కూటమిలో లేకపోయినా దానితో అనుబంధం ఉన్న ప్రాంతం) హోదా, దానితో సుంకం లేని మార్కెట్. కూటమి పడవలకు ఇంత అని కోటా, ఆ కోటాకు బదులు మొదటి ఐదేళ్లూ ఏడాదికి 2.65 కోట్ల ఎక్యూలు (యూరోకు ముందు కూటమి లెక్కలకు వాడిన ద్రవ్యం). కోటా ఒప్పందం ఉంటేనే సుంకం మినహాయింపు, రెండూ ముడిపడి ఉంటాయి. బయటికొచ్చాక విదేశీ ట్రాలర్లను తరిమేశారని కొందరు రాస్తుంటారు, అది తప్పు. పడవలు వస్తూనే ఉన్నాయి, కాకపోతే ప్రవేశానికి వెల కట్టే హక్కు గ్రీన్‌లాండ్ రాజధాని నూక్ చేతికి వచ్చింది. నా దృష్టిలో ఆయన అసలైన ఘనత ఇదే.

జవాబు: మంచుగీత

పై జవాబుకు ఒక చేర్పు. 1979 స్వపరిపాలన చట్టంలో మోట్స్‌ఫెల్ట్‌కు దక్కనిది కూడా వ్యాసంలో రాయండి, లేకపోతే బొమ్మ పూర్తి కాదు. భూగర్భ ఖనిజాల యాజమాన్యం కావాలని సియుముత్ గట్టిగా అడిగింది, డెన్మార్క్ ప్రధాని ఆంకర్ యోర్గెన్సెన్ ఒప్పుకోలేదు. చివరికి ఖనిజాల విషయంలో ఇద్దరూ కలిసే నిర్ణయించాలి, ఎవరు వద్దన్నా ఆగిపోతుంది అన్న రాజీ కుదిరింది. పన్నులు, విద్య వంటివి ముందు చేతికొచ్చాయి. ఆరోగ్య శాఖ వచ్చేసరికి 1992, అప్పటికి ఆయన పదవిలో లేరు. ఖనిజాల మీద పూర్తి అధికారం 2009 జూన్ 21న మొదలైన రెండో దశ స్వపరిపాలనతోనే వచ్చింది.

1984 ఎన్నికల్లో సియుముత్, అతాస్సుత్ సమానంగా నిలిచాయి. దాంతో వామపక్షమైన ఇనుయిత్ అతాకతిగీత్‌తో పొత్తు తప్పలేదు. గ్రీన్‌లాండ్‌లోని తూలే అమెరికా సైనిక స్థావరంలో ఉన్న రాడార్ ఆధునికీకరణ మీద గొడవపడి ఆ పొత్తు 1987లో విరిగింది. రక్షణ, విదేశాంగం డెన్మార్క్ రాజధాని కోపెన్‌హాగెన్ చేతిలోనే ఉన్నాయి, అయినా వాటి వల్ల నూక్ ప్రభుత్వం కూలింది. ఈ ఒక్క ఘట్టానికి ఒక పేరా పూర్తిగా ఇవ్వొచ్చు.

ప్రశ్న అడిగినవారు: ఉత్తరదిక్కు

ఇద్దరికీ ధన్యవాదాలు. 1991, 1997 సంగతి?

జవాబు: మత్స్యరేఖ

ప్రభుత్వ ఆతిథ్య ఖర్చుల మీద విమర్శలు ముదిరాయి, 1991 మార్చిలో ముందస్తు ఎన్నికలు వచ్చాయి. గెలిచింది సియుముతే, కానీ పార్టీ ఆయన్ని పక్కనపెట్టి యొహాన్సెన్‌ను ఎన్నుకుంది. అంటే ఓటర్ల చేతిలో ఓడిపోలేదు, సొంత పార్టీ వాళ్లే దించారు. 1997లో యొహాన్సెన్ పదవి వదిలి ప్రభుత్వ చేపల సంస్థ రాయల్ గ్రీన్‌లాండ్‌లోకి వెళ్లడంతో మోట్స్‌ఫెల్ట్ తిరిగొచ్చారు. 2001లో పార్టీ అధ్యక్ష పదవి హాన్స్ ఎనోక్సెన్‌కు పోయింది. మరుసటి ఏడాది డిసెంబర్‌లో ఎనోక్సెనే ప్రధాని అయ్యారు. ఆ తర్వాత మోట్స్‌ఫెల్ట్ పార్లమెంటు స్పీకరుగా పనిచేశారు. 2010 అక్టోబర్ 28న నూక్‌లో కన్నుమూశారు.

జవాబు: మంచుగీత

రాసేటప్పుడు తరచూ దొర్లే పొరపాట్లు కూడా చెబుతాను. 2004లో దక్షిణ గ్రీన్‌లాండ్‌లోని ఇగాలికులో అమెరికా విదేశాంగ మంత్రి కోలిన్ పావెల్‌తో కలిసి తూలే స్థావర ఒప్పందం మీద సంతకం చేసింది యోసెఫ్ మోట్స్‌ఫెల్ట్. ఆయన ఇనుయిత్ అతాకతిగీత్ నాయకుడు, వేరే మనిషి. ఇంటిపేరు చూసి ఆ ఫొటో జొనాథన్ వ్యాసాల్లో పెట్టేస్తుంటారు.

కూటమి నుంచి బయటపడింది డెన్మార్క్‌లో భాగమైన ఒక ప్రాంతం, కాబట్టి 'వైదొలగిన తొలి సభ్యదేశం' అని రాయకండి. డెన్మార్క్ పౌరసత్వం ఉన్నందున గ్రీన్‌లాండ్‌వాసులు ఈనాటికీ ఆ కూటమి తర్వాతి రూపమైన ఐరోపా సమాఖ్యకు పౌరులే.

గ్రీన్‌లాండ్ జెండా తేదీ చూసుకోండి. తూవె క్రిస్టియాన్సెన్ గీసిన ఎరుపు తెలుపుల జెండా 1985 జూన్ 21న ఎగిరింది. కూటమి నుంచి బయటికొచ్చిన ఫిబ్రవరి 1తో దాన్ని కలపొద్దు.