ఫైబ్రోమయాల్జియాకు వ్యాయామం ఎవరైనా దగ్గరుండి చేయించాల్సిందేనా?

కోనసీమ సభ్యురాలు:
నాకు మూడేళ్లుగా ఫైబ్రోమయాల్జియా, అంటే ఒళ్లంతా నొప్పులు, అలసట ఉండే జబ్బు ఉంది. ఫిజియోథెరపిస్టు సమక్షంలోనే వ్యాయామం చేయాలని వైద్యురాలు చెప్పారు. మా లంక నుంచి రేవు దాటి, ఆటోలో అమలాపురం చేరేసరికే ఆ రోజుకున్న సత్తువ అయిపోతుంది. ఇంట్లోవారేమో, నాట్లు వేసే మనిషికి వేరే వ్యాయామం దేనికంటున్నారు. సభ్యులు తమ అభిప్రాయం తెలుపగలరు.

భీమవరం సభ్యుడు:
అమ్మా, కాలువ గట్టు మీద నడవడానికి పర్యవేక్షణ అక్కర్లేదు. నా భార్యకూ ఇదే వ్యాధి. డబ్బు పోసి ఫిజియోథెరపీ కేంద్రంలో చేసిన వ్యాయామాలు ఇంటి దగ్గర నడకకంటే ఎక్కువ మేలు చేసినట్టు మాకు కనబడలేదు. పైగా, ఎవరో చెబితే తప్ప కదలకూడదన్న భయం ఆవిడకు పట్టుకుంది.

రాజమహేంద్రవరం సభ్యురాలు, ఫిజియోథెరపిస్టు:
ముందు నాట్ల సంగతి. నడుం వంచి గంటల తరబడి, పక్కవారి వరుసతో సమానంగా చేసే ఆ పనిలో ఎప్పుడు ఆగాలో నిర్ణయించేది మీరు కాదు, ముఠా వేగం. వ్యాయామంలో మోతాదు మన చేతిలో ఉంటుంది. తేడా అంతా అక్కడే ఉంది. యూరప్ రుమటాలజీ సంఘాల సమాఖ్య యులార్ 2017లో వెలువరించిన సిఫారసుల్లో ‘బలమైన’ సిఫారసు దక్కింది వ్యాయామానికి ఒక్కదానికే. దీర్ఘకాలిక ప్రాథమిక నొప్పికి (వేరే జబ్బుతో పూర్తిగా వివరించలేని, చాలాకాలం ఉండే నొప్పికి), అందులో భాగంగా ఫైబ్రోమయాల్జియాకు, పర్యవేక్షణలో బృంద వ్యాయామం సూచించాలని బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు ఇచ్చే నైస్ సంస్థ 2021లో చెప్పింది. సోదరులన్నట్టు నడకకు గురువు అక్కర్లేదు. ఎంత నడవాలన్నదానికి మాత్రం మొదటి వారాల్లో కావాలి. నొప్పి తగ్గిన రోజున గంట నడిచి, మూడు రోజులు మంచం పట్టి, వ్యాయామమే పడదని మానేసినవారిని ఎందరినో చూశాను. ఐదు నిమిషాలతో మొదలుపెట్టి, బాగున్న రోజున కూడా అక్కడే ఆగడం నేర్పడం నా పనిలో సగం. అయితే, కొద్దిపాటి శ్రమకే రోజుల తరబడి కోలుకోలేకపోతుంటే అది ఎంఈ-సీఎఫ్‌ఎస్ అనే అలసట వ్యాధి కావచ్చు. దానికి అంచెలంచెలుగా పెంచుకుంటూ పోయే వ్యాయామం వద్దని నైస్ అదే ఏడాది చెప్పింది కనుక, ముందు వైద్యురాలితో తేల్చుకోండి.

భీమవరం సభ్యుడు:
మోతాదు మాట ఒప్పుకుంటాను. అది కొన్ని వారాల పని. ఏడాది పొడవునా రుసుము కట్టించుకోవడం మాత్రం న్యాయం కాదు.

రాజమహేంద్రవరం సభ్యురాలు:
దాన్ని నేనూ సమర్థించను. నాలుగైదుసార్లు ఎదురుగా చూసి, మధ్యలో ఫోనులో మాట్లాడితే చాలామందికి సరిపోతుంది.

కోనసీమ సభ్యురాలు:
అయితే దాళ్వా నాట్లకు ముందే రేవు దాటుతాను. నడిచిన నిమిషాలను పాల లెక్క రాసే పుస్తకంలోనే రాసి పట్టుకెళ్తాను.